మందు చేరిన చోటికి వైద్యం చేరలేదు

న్యూజెర్సీలోని పిస్కాటవేలో రారిటన్ నది పక్కనే సాగే రివర్ రోడ్డు పట్టుకుని ఎగువకు వెళ్తే కాసేపట్లో బౌండ్ బ్రూక్ వస్తుంది. నదికి వరదలొచ్చినప్పుడు తప్ప వార్తల్లో పెద్దగా కనిపించని చిన్న ఊరు. దాని అంచున, బ్రిడ్జ్‌వాటర్ టౌన్‌షిప్ పరిధిలో, ఒకప్పుడు అమెరికన్ సైనమిడ్ కంపెనీకి చెందిన కాల్కో రంగుల ఫ్యాక్టరీ నడిచేది. అక్కడి కెమిస్టులు సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్ ఫోలిక్ యాసిడ్ అణువును కొద్దిగా మార్చి తయారుచేసిన కొత్త పదార్థం గురించి 1947లో ప్రకటించారు. దాని పేరు అమినోప్టెరిన్. పిల్లల రక్త క్యాన్సర్‌ను, తాత్కాలికంగానైనా, వెనక్కి నెట్టిన తొలి మందు అదే. సైనమిడ్‌కే చెందిన లెడర్లీ లేబొరేటరీస్‌లో ఈ పరిశోధన మొత్తానికి సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి ఆలయానికి 287 హైవే మీద వెళ్లే పిస్కాటవే, ఎడిసన్ తెలుగు కుటుంబాలు ఆ ప్రాంతం మీదుగానే వెళ్తుంటాయి. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు. అది వదిలిపోయిన రసాయన వ్యర్థాల కారణంగా ఆ స్థలం 1983లో కేంద్ర ప్రభుత్వపు సూపర్‌ఫండ్ జాబితాకెక్కింది. పిల్లల ప్రాణాలు నిలిపిన మందునూ, నది ఒడ్డున దశాబ్దాలపాటు శుభ్రం చేయాల్సిన విషాన్నీ ఒకే ఫ్యాక్టరీ మిగిల్చిపోయింది.

సుబ్బారావు పేరు చెబితే మన ఛాతీ ఉప్పొంగుతుంది, ఉప్పొంగాలి కూడా. కానీ ఆయన బృందం ఇచ్చిన మందు తెలుగు పిల్లల విషయంలో ఎంతవరకు తన పని పూర్తి చేస్తోందన్న ప్రశ్న ఆ గర్వం చాటున ఉండిపోతోంది. మందు మన ఊళ్లకు ఏనాడో చేరింది, చవగ్గా దొరుకుతోంది. దాన్ని పనిచేయించే వైద్యం మాత్రం ఇంకా చాలా జిల్లాలకు చేరలేదు.

మొదటి కథనే కొంచెం నిదానంగా చూడాలి. సుబ్బారావు సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. ఆ జబ్బులో వచ్చే రక్తహీనతకూ ఫోలిక్ యాసిడ్ లోపానికీ సంబంధం ఉందని తర్వాత తేలింది. 1930ల మొదట్లోనే బొంబాయి మిల్లు కార్మికుల్లోని గర్భిణుల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, ఈస్టు సారంలో ఏదో ఒక పోషకం ఆ జబ్బును తగ్గిస్తోందని గుర్తించారు. ఆ పోషకమే ఫోలేట్. దాన్ని ఫ్యాక్టరీలో తయారుచేసే మార్గం 1940ల మధ్యలో లెడర్లీ, కాల్కో బృందాలకు చిక్కింది.

బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో సిడ్నీ ఫార్బర్ పెథాలజిస్టు. ల్యుకేమియాతో, అంటే రక్త క్యాన్సర్‌తో, చనిపోయిన పిల్లల శరీరాలను పరీక్షించడం ఆయన ఉద్యోగం. ఫోలిక్ యాసిడ్ తరహా పదార్థాలు ఇస్తే ఈ పిల్లలకు జబ్బు మరింత వేగంగా ముదురుతున్నట్టు ఆయనకు అనిపించింది. అలాగైతే ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడే పదార్థం ఇస్తే? సుబ్బారావు బృందం నుంచి అలాంటి పదార్థాలు తెప్పించుకున్నారు. 1947 డిసెంబరు చివర్లో రెండేళ్ల బాబుకు అమినోప్టెరిన్ సూది వేశారు. 1948 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితాలు వచ్చాయి. మందు ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. మంచం పట్టిన పిల్లలు లేచి తిరిగారు. రెండు నెలలకే, ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు కన్నుమూశారు.

సాధారణంగా మనం కథను ఇక్కడితో ఆపేస్తాం. కానీ ఆ పదిమందికి దొరికింది తాత్కాలిక ఉపశమనమేనని ఫార్బరే రాశారు. జబ్బు కొన్ని నెలల్లో తిరగబెట్టింది. అమినోప్టెరిన్ స్థానంలో దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ వచ్చింది, అదీ ఒంటరిగా ఎవరినీ పూర్తిగా గట్టెక్కించలేదు. 1960ల మొదట్లో కూడా ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో అయిదేళ్లు బతికినవాళ్లు నూటికి పదిమంది లేరు. ఇవాళ అమెరికాలో నూటికి సుమారు 90 మంది బతుకుతున్నారు. ఈ రెండు అంకెల మధ్య ఏం జరిగింది?

అద్భుతమైన కొత్త మందు వచ్చిందని చాలామంది అనుకుంటారు. కానీ ఈ వ్యాధి చికిత్సకు ఇప్పటికీ వెన్నెముకలా నిలిచిన మెథోట్రెక్సేట్, 6-మెర్కాప్టోప్యూరిన్, స్టెరాయిడ్లు, విన్‌క్రిస్టిన్, ఆస్పరాజినేజ్ దాదాపు అన్నీ 1970ల నాటికే చేతిలో ఉన్నవి. మారింది వాటిని వాడే పద్ధతి. మెంఫిస్‌లో 1962లో తెరిచిన సెయింట్ జూడ్ ఆస్పత్రిలో డొనాల్డ్ పింకెల్ ఈ మందులను కలిపి, దశలవారీగా, రెండు మూడేళ్లు ఆపకుండా ఇచ్చారు. రక్తంలో మాయమైన జబ్బు మెదడు పొరల్లో దాక్కుని తిరిగొస్తోందని గమనించి, వెన్నులోకి సూదితో మెథోట్రెక్సేట్ ఎక్కించడం, తలకు రేడియేషన్ ఇవ్వడం జతచేశారు. ఆ దశాబ్దం చివరికి సగం మంది పిల్లలు నయమయ్యే స్థితి వచ్చింది. తర్వాత తలకు రేడియేషన్ కూడా చాలావరకు మానేయగలిగారు. రక్తస్రావంతో చనిపోకుండా ప్లేట్‌లెట్లు, ఇన్ఫెక్షన్‌తో చనిపోకుండా వెంటనే యాంటీబయాటిక్స్ వచ్చాయి. ప్రతి బిడ్డ వివరాలూ నమోదు చేసి, ఒక పద్ధతిని మరో పద్ధతితో పోల్చి, మెరుగైనదాన్ని దేశమంతా ఒకేలా పాటించారు. కొత్తవి అసలు లేవని కాదు. బ్లినటుమొమాబ్ అనే కొత్త మందు జతచేసినప్పుడు ఓ మోస్తరు ముప్పున్న పిల్లల్లో మూడేళ్లపాటు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు 88 శాతం నుంచి 96 శాతానికి పెరిగారని 2024 చివర్లో వెలువడిన అధ్యయనం చూపింది. కానీ ఆ 88 శాతం దాకా తెచ్చింది పాత మందులూ, తెగని క్రమశిక్షణే.

ఆ క్రమశిక్షణలో అతి కష్టమైన భాగం ఆస్పత్రిలో జరగదు, ఇంట్లో జరుగుతుంది. మొదటి నెల దాటేసరికి చాలామంది పిల్లల్లో జబ్బు కనిపించకుండా పోతుంది. ఆ తర్వాత కొన్ని నెలల గట్టి కీమో, ఆపైన ఏడాదికి మించిన మెయింటెనెన్స్. రోజూ రాత్రి ఒక మాత్ర, వారానికోసారి మెథోట్రెక్సేట్, రక్తకణాల కౌంట్లు చూసి డోసు సవరించడం. స్మితా భాటియా అమెరికాలో చేసిన అధ్యయనాల్లో, రాసిన మాత్రల్లో 95 శాతం కంటే తక్కువ వేసుకున్న పిల్లలకు జబ్బు తిరగబెట్టే ముప్పు రెట్టింపుకు మించి కనిపించింది. ఇరవై రాత్రుల్లో ఒక్క రాత్రికి మించి మరిచిపోతే ప్రమాదమన్నమాట. బిడ్డ ఆడుతూ పాడుతూ ఉన్నప్పుడు, జుట్టు మళ్లీ వస్తున్నప్పుడు, ఏడాదికి పైగా ఒక్క రాత్రీ తప్పకుండా మందు వేయడం ఏ తల్లికైనా పెద్ద బరువు.

పిస్కాటవేలో ఒక తెలుగు కుటుంబానికి ఈ బరువు పడితే ఏమవుతుందో చూద్దాం. నది అవతల న్యూ బ్రన్స్‌విక్‌లో రాబర్ట్ వుడ్ జాన్సన్ ఆస్పత్రి ఆవరణలోనే బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ చిల్డ్రన్స్ హాస్పిటల్ ఉంది. దానితో కలిసి పనిచేసే రట్గర్స్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. మెథోట్రెక్సేట్ కణంలో ఎలా పనిచేస్తుందో, ఎందుకు కొన్నిసార్లు విఫలమవుతుందో జీవితమంతా శోధించిన జోసెఫ్ బెర్టినో తన చివరి రెండు దశాబ్దాలూ ఈ ఇన్‌స్టిట్యూట్‌లోనే గడిపి 2021లో మరణించారు. బౌండ్ బ్రూక్‌లో తయారైన మందు వంశాన్ని అర్థం చేసుకునే పని కూడా ఆ దగ్గర్లోనే జరిగింది.

అయితే డాక్టర్ల పేర్లకంటే మనం గమనించాల్సింది వేరే ఉంది. బిడ్డకు కీమో మొదలైన రోజు నుంచి జ్వరం 100.4 డిగ్రీలు తాకితే అర్ధరాత్రయినా ఫోన్ చేయమని ఒక నంబరు ఇస్తారు. ఎమర్జెన్సీకి వచ్చిన గంటలోపు యాంటీబయాటిక్ పడాలన్నది వాళ్లు పెట్టుకున్న ప్రమాణం. సోషల్ వర్కర్ ఉంటారు. సూది అంటే భయపడే పిల్లవాడితో బొమ్మల సాయంతో మాట్లాడి సిద్ధం చేయడానికి ప్రత్యేకంగా శిక్షణ పొందినవాళ్లు ఉంటారు. అద్దె కట్టలేని కుటుంబాన్ని ఆదుకోవడానికి ఎంబ్రేస్ కిడ్స్ వంటి సంస్థ ఉంది. అనారోగ్యంతో వరుసగా పదిరోజులు బడికి రాలేని బిడ్డకు ఇంటికే పాఠాలు ఏర్పాటు చేయాల్సిన బాధ్యత న్యూజెర్సీ నిబంధనల ప్రకారం స్కూల్ డిస్ట్రిక్ట్‌దే. దూరం నుంచి వచ్చే తల్లిదండ్రులకు రోనాల్డ్ మెక్‌డొనాల్డ్ హౌస్ ఉంది. ఆ ఇళ్ల పుట్టుకకు కారణం కూడా ల్యుకేమియాయే. కూతురి చికిత్స సమయంలో ఆస్పత్రి కుర్చీల్లో రాత్రుళ్లు గడిపిన ఒక ఫుట్‌బాల్ ఆటగాడి అనుభవంలోంచి 1974లో ఫిలడెల్ఫియాలో మొదటిది మొదలైంది. వీటిలో ఒక్కటీ క్యాన్సర్ కణాన్ని చంపదు. ఇవన్నీ కలిసి చికిత్స మధ్యలో తెగిపోకుండా కాస్తాయి.

ఇక్కడా తెగే చోట్లున్నాయి, మనవాళ్లకు మరీ ఎక్కువ. హెచ్1బీ మీద ఉన్న తండ్రికి ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి 60 రోజులే గడువు. ఇన్సూరెన్స్ ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. కోబ్రా చట్టం కింద దాన్ని కొనసాగించుకోవచ్చు గానీ మొత్తం ప్రీమియం సొంత జేబులోంచి కట్టాలి. న్యూజెర్సీ ప్రభుత్వం 2023 జనవరి నుంచి ఆదాయ పరిమితికి లోబడి, ఇమిగ్రేషన్ స్థితితో నిమిత్తం లేకుండా, 19 ఏళ్లలోపు పిల్లలందరికీ ఫ్యామిలీకేర్ ఆరోగ్య బీమా వర్తింపజేసింది. అయినా అడగడానికి జంకే కుటుంబాలుంటాయి, గ్రీన్ కార్డుకు అడ్డొస్తుందేమోనని. వదంతులు విని మానుకోవడం కంటే లాయర్‌ను అడిగి తేల్చుకోవడం మేలు. బోన్‌మ్యారో మార్పిడి అవసరమయ్యే పిల్లలు కొద్దిమందే, కానీ ఆ కొద్దిమందిలో దక్షిణాసియా బిడ్డకు సరిపోయే దాత రిజిస్ట్రీలో దొరకడం తెల్లజాతి బిడ్డకు దొరికినంత సులువు కాదు. సంక్రాంతి, ఉగాది సంబరాల్లో వందలాదిగా చేరే యువత అక్కడే చెంపలోపల దూదిపుల్ల తిప్పి పేరు నమోదు చేసుకుంటే ఈ లోటు కొంత తీరుతుంది. కరపత్రం పంచి ఊరుకోవడం సరిపోదు, బల్ల వేసి కూర్చోవాలి.

ఇక మన రాష్ట్రాలు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో 1953 నాటి నీలోఫర్ పిల్లల ఆస్పత్రి, 1955 నాటి ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి దాదాపు పక్కపక్కనే ఉన్నాయి. ఇవి పేదపిల్లలకు దశాబ్దాలుగా దిక్కయిన చోట్లు. అక్కడి డాక్టర్లకు చికిత్స తెలియక కాదు. బిడ్డ అక్కడికి చేరే లోపే సగం నష్టం జరిగిపోతోంది. ల్యుకేమియా మొదట్లో ఎలా కనిపిస్తుంది? తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చే జ్వరం, పాలిపోయిన ముఖం, ఒంటిమీద దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, మెడలో బిళ్లలు కట్టడం, ఎముకల నొప్పితో నడవనని మారాం చేయడం. వీటికి మొదట దొరికేది రక్తం తక్కువని టానిక్కు, వైరల్ జ్వరమని సెలైన్ సీసా, ప్లేట్‌లెట్లు పడిపోతే డెంగీ అన్న మాట. అన్నిటికంటే ప్రమాదం ఊళ్లో వేసే డెక్సా సూది. అందులోని స్టెరాయిడ్ ల్యుకేమియా కణాలను కొంతకాలం కరిగిస్తుంది. బిడ్డ కోలుకున్నట్టు కనిపిస్తుంది. తర్వాత పరీక్ష చేస్తే జబ్బు సరిగా బయటపడదు, ముదిరాక మొండికేస్తుంది. కారణం తేలని జ్వరంతో పాలిపోయిన బిడ్డకు రక్తపరీక్ష చేయకుండా స్టెరాయిడ్ ఇవ్వకూడదన్న ఒక్క మాట ఊరూరా ఆర్‌ఎంపీలకూ, మందుల షాపులకూ, ఆశా కార్యకర్తలకూ చేర్చడానికి ఏ కొత్త పథకమూ అక్కర్లేదు.

ఖర్చు సంగతి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ, క్యాన్సర్ చికిత్సను పేదల అందుబాటులోకి తెచ్చింది. దాన్ని తక్కువ చేయడం అన్యాయం. 2023లో దాని కింద చెల్లించే ఖర్చు పరిమితిని తెలంగాణ 10 లక్షల రూపాయలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. కానీ పరిమితి ఎంత పెంచినా కార్డు చెల్లించేది ఆస్పత్రికి. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు 300 కిలోమీటర్లు. కూలికి వెళ్లే తండ్రి వారానికోసారి వస్తే రోజుకూలి పోతుంది. తల్లి బిడ్డతో ఆస్పత్రి వరండాలో పడుకుంటే ఇంటి దగ్గర రెండో పిల్లను చూసేవాళ్లుండరు. రక్తం కావాలంటే దాతను తెచ్చుకోమంటారు, ఊరుకాని ఊళ్లో ఎవరిని తెస్తారు? ఉట్నూరు తండాలో రాత్రి బిడ్డకు జ్వరమొస్తే, కౌంట్లు పడిపోయిన ఒంట్లో అది గంటల్లో ప్రాణం తీస్తుంది. మన దేశంలో చికిత్స దశలోనే ఇన్ఫెక్షన్లతో చనిపోయే పిల్లలు సంపన్న దేశాలతో పోలిస్తే చాలా ఎక్కువ. ఆంధ్రప్రదేశ్ 2019లో ఆరోగ్య ఆసరా పేరుతో కోలుకునే రోజులకు రోజుకు 225 రూపాయల చొప్పున భృతి ప్రవేశపెట్టింది. ఆ ఆలోచన సరైనది. రెండున్నరేళ్ల చికిత్స ఉన్న బిడ్డ కుటుంబానికి అది చికిత్స పొడవునా అందాలి.

ఇవన్నీ కలిసి వచ్చే ఫలితం ఒకటే, మధ్యలో మానేయడం. నెలరోజుల కీమో తర్వాత బిడ్డ బాగుంటాడు. ఇంటికి తీసుకెళ్తారు. నాట్లు, కోతలు, పెళ్లి, అప్పు. ఒక తేదీ తప్పుతుంది, తర్వాత మొహం చెల్లదు. జబ్బు తిరగబెట్టాక వస్తే మందుకు లొంగడం కష్టం. ఆడపిల్ల విషయంలో ఈ దారి ఇంకా ఇరుకు. ల్యుకేమియా మగపిల్లల్లో కొంత ఎక్కువన్నది నిజం. కానీ మన ఆస్పత్రులకు వచ్చే క్యాన్సర్ పిల్లల్లో అబ్బాయిలు, అమ్మాయిల మధ్య తేడా ఆ మేరకు ఆగడం లేదని దేశంలో జరిగిన అధ్యయనాలు చూపించాయి. రాకుండా పోయిన ఆ అమ్మాయిలు ఎక్కడున్నారో ఊహించడానికి ధైర్యం కావాలి.

సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా నయమవుతుంటే, పేద, మధ్యాదాయ దేశాలు చాలావాటిలో 30 శాతం కూడా దాటడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2030 నాటికి కనీసం 60 శాతం చేయాలని 2018లో లక్ష్యం పెట్టుకుంది. మన దేశంలోని కొన్ని పెద్ద కేంద్రాలు ఐసికల్ పేరుతో కలిసి ఒకే పద్ధతిలో పిల్లల ల్యుకేమియాకు చికిత్స చేసి లెక్కలు సరిచూస్తున్నాయి. దూరం నుంచి వచ్చిన కుటుంబాలకు ఉచితంగా బస ఇచ్చే సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ కేంద్రాలు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. దారి తెలియనిది కాదు, వేసిన మేర చాలడం లేదు.

మందుల విషయంలో మరో మాట. పిస్కాటవేలోని సెంటెనియల్ అవెన్యూలో హైదరాబాద్ మందుల కంపెనీ హెటిరో వారి అమెరికా సంస్థ కాంబర్ ఉంది. హైదరాబాద్‌కే చెందిన ఎంఎస్ఎన్‌కు పిస్కాటవేలో ఫ్యాక్టరీ ఉంది. ఒకప్పుడు ఈ నది ఒడ్డున మందు తయారైంది, ఇప్పుడు మన వాళ్లే మందులు తెచ్చి ఇక్కడ అమ్ముతున్నారు. చవకైన పాత ఇంజెక్షన్లలో లాభం తక్కువ కనుక తయారీదారులు కొద్దిమందే మిగులుతారు. ఒహాయోలో ఒక్క ప్లాంటు ఆగిపోయేసరికి 2012 ఆరంభంలో అమెరికా పిల్లల ఆస్పత్రులు వెన్నులోకి ఇచ్చే మెథోట్రెక్సేట్ కోసం వెతుక్కున్నాయి. ఒక కంపెనీ తప్పుకోవడంతో 2019లో విన్‌క్రిస్టిన్‌కు అదే గతి పట్టింది. మన దేశంలో దొరికే కొన్ని జెనరిక్ ఆస్పరాజినేజ్ రకాల్లో ఉండాల్సినంత శక్తి లేదని పరిశోధకులు చూపించారు. ఈ అయిదారు మందులను నికరమైన నాణ్యతతో, ఎప్పుడూ కొరత రాకుండా తయారుచేసి రెండు రాష్ట్రాల ఆస్పత్రులకు దీర్ఘకాల ఒప్పందం మీద ఇవ్వగల సత్తా హైదరాబాద్‌కు ఉంది. ప్రభుత్వాలు ముందుకొచ్చి, వచ్చే అయిదేళ్లకు ఎంత కావాలో లెక్కగట్టి అడగాలి.

ప్రవాసులు తమ ఊళ్లకు చాలా చేశారు. 2000లో తెరిచిన బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆస్పత్రి పేరులోనే ఆ చేయూత కనిపిస్తుంది. అయితే విరాళమంటే భవనం, యంత్రం, శిలాఫలకం అన్న అలవాటు మనల్ని ఇంకా వదల్లేదు. తేదీ తప్పిన బిడ్డ ఇంటికి మర్నాడే ఫోన్ చేసి, అవసరమైతే బస్సెక్కి వెళ్లి, ఛార్జీలిచ్చి వెనక్కి తీసుకొచ్చే ఒక నర్సు జీతానికి చందా ఇచ్చేవాళ్లు కావాలి. ఆ నర్సు పేరు ఏ గోడమీదా ఉండదు. ఆదిలాబాద్, పాడేరు, శ్రీకాకుళం, కర్నూలు జిల్లా ఆస్పత్రుల్లో ఒక్కో పిల్లల డాక్టరుకూ ఇద్దరు నర్సులకూ శిక్షణ ఇచ్చి, జ్వరమొచ్చిన కీమో బిడ్డకు మొదటి యాంటీబయాటిక్ అక్కడే పడేలా, మెయింటెనెన్స్ కౌంట్లు అక్కడే చూసేలా ఏర్పాటు చేయాలి. న్యూజెర్సీలో పనిచేసే తెలుగు పిల్లల డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు తక్కువేం లేరు. వారానికి ఒక సాయంత్రం వీడియోలో ఆ జిల్లా డాక్టర్లతో కూర్చుని కేసులు చర్చిస్తే విమానం టికెట్టు కూడా అక్కర్లేదు.

డబ్బు ఇచ్చేముందు దాతలూ, బడ్జెట్ కేటాయించేముందు ప్రభుత్వాలూ రెండు రాష్ట్రాల్లో పిల్లల క్యాన్సర్‌కు చికిత్స చేసే ప్రతి ఆస్పత్రినీ ఏటా అడగాల్సిన లెక్క ఒకటుంది. ఈ ఏడాది ల్యుకేమియాకు చికిత్స మొదలుపెట్టిన పిల్లలు ఎందరు, వాళ్లలో అమ్మాయిలెందరు, మధ్యలో రావడం మానేసినవాళ్లు ఎందరు, వాళ్లు ఏ జిల్లా, ఇన్ఫెక్షన్‌తో పోయినవాళ్లు ఎందరు, రెండున్నరేళ్ల చికిత్స పూర్తిచేసినవాళ్లు ఎందరు. ఆరోగ్యశ్రీ క్లెయిముల్లో ఈ వివరాలు చాలావరకు ఇప్పటికే ఉన్నాయి, ఒక బిడ్డ కార్డు మీద కీమో బిల్లు అర్ధంతరంగా ఆగిపోతే అది కంప్యూటర్‌లో కనిపిస్తుంది. అలా బిల్లు ఆగిన నెలలోనే ఆ ఇంటి తలుపు తట్టే ఏర్పాటును వచ్చే బడ్జెట్‌లో పెట్టవచ్చు.